ఇద్దరు కాపలాదార్లు, ఒకే గల్లాపెట్టె

సికింద్రాబాద్‌లో పారడైజ్‌కి దగ్గర్లో బైసన్ పోలో గ్రౌండ్ ఉంది. ఇప్పటికీ ఉంది. ఆ ‘ఇప్పటికీ’ గురించే నా గోల.

2017లో తెలంగాణ ప్రభుత్వం అక్కడ కొత్త సచివాలయం కడతానంది. అంతకు రెండేళ్ల ముందు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి స్థలంలో కడతానంది, అది కుదర్లేదు. బైసన్ పోలో, జింఖానా మైదానాలు రెండూ రక్షణ శాఖవి. రాష్ట్రంలో టీఆర్ఎస్, ఢిల్లీలో బీజేపీ. పొద్దున్నే నడకకి వచ్చే పెద్దవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు, రిటైరైన సైనికాధికారులు రోడ్డెక్కారు. హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ఢిల్లీ మొదట తలూపింది. తర్వాత, కంటోన్మెంట్ బోర్డు పోగొట్టుకునే ఆదాయానికి ఏటా పరిహారం ఎవరు కట్టాలన్న దగ్గర బేరం తెగలేదు. భూమి చేతులు మారలేదు.

సచివాలయం మాత్రం ఆగిందా? 2019 జూన్ 27న సైఫాబాద్‌లో, పాత సచివాలయం ఉన్న చోటే శంకుస్థాపన అయింది. 2020 జులైలో పాత భవనాలు నేలమట్టం చేశారు. 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభమైంది. వందల కోట్ల ఖర్చు. అంటే రెండు ప్రభుత్వాలు పోట్లాడుకుంటే మైదానం మిగిలింది, డబ్బు మిగల్లేదు. ఆ ఖర్చు ట్యాంక్‌బండ్ దాటి అవతలి ఒడ్డున తేలింది, అంతే.

దీన్ని ఇంత సాగదీసి ఎందుకు చెప్తున్నానంటే, డాలస్‌లో ఉండే నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్‌ ఒకడు ప్రతి ఎన్నికలకీ మా గ్రూపులో ఒకటే పాట పాడతాడు. “ఒకే పార్టీకి అన్నీ ఇవ్వకూడదురా. పైన ఒకడు, కింద ఒకడు ఉండాలి. ఒకడి చెయ్యి ఇంకొకడు పట్టుకుంటాడు. అప్పుడే మన టాక్స్ డబ్బుకి రక్షణ.” అదే గ్రూపులో ఇంకొకడు సరిగ్గా దీనికి ఎదురు: “డబుల్ ఇంజిన్ ఉంటేనే పనులవుతాయి. లేకపోతే ఇద్దరూ కొట్టుకు చస్తారు, మధ్యలో మన రోడ్డు ఆగిపోతుంది.” పదేళ్లుగా వీళ్లిద్దరి మధ్యా వింటున్నాను. ఇద్దరిదీ తప్పే అని నా అభిప్రాయం. ఇద్దరూ ఒకే చోట తప్పుతున్నారు కూడా: అధికారం చీలితే దాని ప్రభావం ఖర్చు మీద పడుతుందని ఇద్దరూ నమ్ముతున్నారు.

డాలస్ మిత్రుడి పాటకి ఒక మూలం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. విలియం నిస్కానెన్ అని ఒక ఆర్థికవేత్త. రీగన్ కాలంలో అధ్యక్షుడి ఆర్థిక సలహా మండలిలో పనిచేశాడు, తర్వాత కేటో ఇన్‌స్టిట్యూట్ ఛైర్మన్ అయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కేంద్ర ప్రభుత్వ ఖర్చు చాలాకాలం పాటు నెమ్మదిగా పెరిగింది రెండుసార్లేనని ఆయన చూపించాడు. ఐసెన్‌హోవర్ చివరి ఆరేళ్లలో, క్లింటన్ చివరి ఆరేళ్లలో. రెండుసార్లూ వైట్‌హౌస్ ఒక పార్టీది, కాంగ్రెస్ ఇంకో పార్టీది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ రీగన్ ఎనిమిదేళ్లూ ప్రతినిధుల సభ డెమోక్రాట్ల చేతిలోనే ఉంది, అప్పు దాదాపు మూడింతలయింది. పన్ను తగ్గించాలని ఒకడు, పథకాలు తగ్గించకూడదని ఇంకొకడు పట్టుబట్టి, చివరికి ఇద్దరి కోరికా తీర్చుకున్నారు. బిల్లు మూడోవాడికి, అంటే ఇంకా ఓటు హక్కు రాని పిల్లలకి పంపారు.

అయినా అమెరికాలో ఆ వాదనకి కనీసం ఒక యంత్రం ఉంది. కాంగ్రెస్ డబ్బు ఇవ్వకపోతే ప్రభుత్వ ఆఫీసులకి తాళాలు పడతాయి, 1995-96లో పడ్డాయి. మన రాజ్యాంగంలో ఆ యంత్రం లేదు, కావాలనే పెట్టలేదు. మన దగ్గర మంత్రివర్గం శాసనసభలోంచే పుడుతుంది. బడ్జెట్ సభలో ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పాలక పార్టీ ఎమ్మెల్యే విప్‌కి ఎదురు ఓటేస్తే సీటే పోతుంది. ప్రతిపక్షమా? ఆంధ్రలో 2019లో తెలుగుదేశానికి 175లో 23 సీట్లు, 2024లో వైసీపీకి 11. తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది గుంపుగా టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. ఇక శాసనసభలో చీలిక ఎక్కడ వెతుక్కోవాలి?

వెతికితే మనకి దొరికేవి మూడు. శాసన మండలి, గవర్నరు, ఢిల్లీ. ముందు మండలి సంగతి, ఎందుకంటే అమెరికా వాళ్లు చెప్పే ‘విభజిత ప్రభుత్వం’ తెలుగునాట నిజంగా కనిపించింది అక్కడే.

1983లో ఎన్టీఆర్ గెలిచి శాసనసభ నింపేశాడు. మండలిలో మాత్రం కాంగ్రెస్‌దే మెజారిటీ. ఢిల్లీలోనూ కాంగ్రెసే. డాలస్ సిద్ధాంతం ప్రకారం ఖర్చుకి ఇంతకన్నా గట్టి కళ్లెం ఉండకూడదు. ఆ కాలంలోనే కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం తప్పని నేననడం లేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆ బియ్యంతో రెండు పూటలా పొయ్యి వెలిగిన ఇళ్లున్నాయి. నా మాటల్లా ఒక్కటే: రెండు పక్కలా అడ్డున్నా ఆ ఖర్చు ఆగలేదు. మండలి చెయ్యగలిగిందల్లా ఎన్టీఆర్‌కి కోపం తెప్పించడం. అది ప్రజలు నేరుగా ఎన్నుకోని సభ, ఖజానాకి భారం, పనులకి ఆలస్యం అని చెప్పి ఆయన రద్దు తీర్మానం చేయించాడు. ఇందిర దాన్ని పక్కన పెట్టింది. 1985లో మళ్లీ గెలిచి మళ్లీ తీర్మానం చేయిస్తే అప్పుడు పార్లమెంటు ఒప్పుకుంది. ఆ ఏడాది జూన్ 1న మండలి పోయింది. 2007లో తిరిగొచ్చింది.

మళ్లీ 2019. జగన్ 151 సీట్లతో వచ్చాడు. మండలిలో 58 మందికి తొమ్మిది మందే ఆయన వాళ్లు. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు, సీఆర్డీఏ రద్దు బిల్లు శాసనసభలో ఒక్క రోజులో అయిపోయాయి. 22న మండలి ఛైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారంతో వాటిని సెలక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. 27న శాసనసభ 133-0 ఓట్లతో మండలి రద్దు తీర్మానం చేసింది. ఐదు రోజులు! మా ఆఫీసులో లాగిన్ బటన్ రంగు మార్చడానికి కూడా ఇంతకన్నా ఎక్కువ రోజులు చర్చిస్తాం. జగన్ సొంత మంత్రుల్లోనే ఇద్దరు ఎమ్మెల్సీలు. వాళ్లూ ఆ తీర్మానం కిందే పోయేవాళ్లు.

అప్పుడు ముఖ్యమంత్రి సభలో చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు. మండలికి ఏడాదికి 60 కోట్లు ఖర్చవుతోంది, దండగ, అన్నారు. ఆ ఏడాది రాష్ట్ర బడ్జెట్ 2 లక్షల 27 వేల కోట్లు దాటింది. లెక్క వేసుకోండి. వంద రూపాయల్లో మూడు పైసలు కూడా కాదు. కానీ మన ఇళ్లల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లు తలూపారు. మా నాన్న కూడా ఊపాడు. రైల్వేలో అకౌంట్స్ చూసి రిటైరైన మనిషి. “నిజమే కదరా, ఓడిపోయినోళ్లకి పునరావాసం అది” అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మండలి సీట్లు ఎవరికి, ఎందుకు ఇస్తారో అందరికీ తెలుసు. కానీ అధికారానికి అడ్డొచ్చిన దాన్ని తీసెయ్యాలనుకున్నవాడికి ‘పొదుపు’ అన్న మాట ఎంత బాగా పనికొస్తుందో చూడండి. అడ్డుకునేవాణ్ణి ఖర్చు లెక్కతో కొలవడం మనకి మనం అలవాటు చేసుకుంటే, ఆ కొలబద్ద మొదట అందుకునేవాడు పాలకుడే. డాలస్ మిత్రుడితో నా అసలు తగాదా ఇక్కడే. చీలిక డబ్బు మిగులుస్తుందని నువ్వు ప్రచారం చేస్తే, అది డబ్బు మిగల్చలేదని తేలిన రోజున దాన్ని పీకెయ్యడానికి నువ్వే దారి ఇచ్చినవాడివవుతావు.

డబ్బు మిగల్చలేదు కూడా. 2020 జూన్‌లో మండలి ఇంకో పని చేసింది. ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదించకుండానే నిరవధికంగా వాయిదా పడింది. ఖర్చుని ఆపే అధికారం మండలికి నిజంగా ఎంతుందో ఆ రోజుల్లో తేలిపోయింది. రాజ్యాంగం 198వ అధికరణం ప్రకారం ద్రవ్య బిల్లుని మండలి 14 రోజులు పట్టుకోగలదు. తర్వాత అది ఆమోదం పొందినట్టే లెక్క. ఆ 14 రోజుల వల్ల జులై 1న ప్రభుత్వోద్యోగులకి జీతాలు పడలేదు, కాస్త ఆలస్యంగా పడ్డాయి. కరోనా రోజులు. ఈఎంఐలు ఆగవు కదా. రెండు లక్షల కోట్లు దాటిన బడ్జెట్‌లో తగ్గినది సున్నా. ఇరుక్కున్నది గుమస్తా, టీచరు, కానిస్టేబులు.

అదే మండలి జనవరిలో రాజధాని బిల్లుల్ని పట్టుకున్నప్పుడు జరిగింది వేరు. మామూలు బిల్లుని రెండోసారి పంపాలంటే మూడు నెలలు ఆగాలి, పంపాక ఇంకో నెల ఆగాలి. శాసనసభ జూన్ 16న మళ్లీ ఆమోదించింది, గవర్నరు జులై 31న సంతకం పెట్టారు. జనవరి 20న ఒక్క పూటలో అయిపోయిన పని చట్టమవడానికి ఆరు నెలల పైచిలుకు పట్టింది. ఆ ఆరు నెలల్లో 29 గ్రామాల రైతులు ఊరికే కూర్చోలేదు. 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌కి ఇచ్చి, సీఆర్డీఏతో ఒప్పందాలు రాసుకుని, ఆ కాగితాలు బీరువాల్లో పెట్టుకున్నవాళ్లు. కోర్టులకి వెళ్లారు. గవర్నరు సంతకం పెట్టిన నాలుగు రోజులకే, ఆగస్టు 4న, హైకోర్టు యథాతథ స్థితి అంది. 2021 నవంబర్‌లో ప్రభుత్వం తనే ఆ చట్టాల్ని వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న రాజధాని మార్చే అధికారం శాసనసభకి లేదని హైకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పులో పెట్టిన గడువుల మీద సుప్రీంకోర్టు తర్వాత స్టే ఇచ్చింది, అది కూడా చెప్పాలి.

అమరావతి కట్టాలా వద్దా, అంత పెద్దది కట్టాలా అన్నది వేరే వ్యాసం. ఆ నగరం ప్లాన్ల మీద నాకూ బోలెడు అభ్యంతరాలున్నాయి. ఇక్కడ నేను చూస్తున్నది ఒక్కటే. ఒకే సభ, ఒకే ఏడాది, ఒకే మెజారిటీ. డబ్బు దగ్గర తుస్సుమంది, భూమి దగ్గర నిలబడింది. ఎందుకని?

నాకు తోచిన జవాబు ఇది. భూమి అవతల ఒక మనిషి ఉన్నాడు, వాడి చేతిలో కాగితం ఉంది. మండలి ఇచ్చిన ఆలస్యం ఆ మనిషికి పనికొచ్చింది. బైసన్ పోలోలోనూ అంతే. అక్కడ ఢిల్లీ మనమీద ప్రేమతో అడ్డుపడలేదు. ఆ భూమికి పట్టాదారు కాబట్టి, బేరం కుదరలేదు కాబట్టి ఆగింది. ఆ ఆగిన కాలంలో నడకకి వచ్చే ముసలాయన హైకోర్టు మెట్లెక్కాడు. డబ్బుకి అలాంటి మనిషి లేడు. బడ్జెట్‌లో ఉన్న రూపాయి నాది అని కాగితం పట్టుకుని కోర్టుకెళ్లేవాడెవడు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఖర్చయ్యే దానికి, అల్లుళ్లు ఇద్దరైతే దానం సగమవుతుందా? రెట్టింపవుతుంది.

రెట్టింపయింది కూడా. 2018 మే 10న కేసీఆర్ రైతుబంధు మొదలుపెట్టాడు, ఎకరానికి పంటకి నాలుగు వేలు. ఢిల్లీలో ఉన్నది తన పార్టీ కాదు. మన సిద్ధాంతం ప్రకారం ఢిల్లీ ఆయన చెయ్యి పట్టుకోవాలి. ఢిల్లీ ఏం చేసింది? 2019 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో తనూ పీఎం కిసాన్ తెచ్చింది, ఏడాదికి ఆరు వేలు. ఆ అక్టోబర్‌లో జగన్ ఆ ఆరు వేలకి ఏడున్నర వేలు కలిపి 13,500 చేసి దానికి రైతు భరోసా అని పేరు పెట్టాడు. కేంద్రం పేరు ముందు ఉండాలా వెనక ఉండాలా అని కొన్నాళ్లు గొడవ కూడా. రెండు పార్టీలు రెండు చోట్ల ఉంటే ఒకరి మీద ఒకరు నిఘా పెడతారనుకున్నాం, ఒకరి మీద ఒకరు పాట పెంచుకున్నారు. వేలం అన్నమాట. రైతుకి డబ్బు ముట్టడం నాకేం బాధ కాదు, కౌలు రైతుకి ముట్టకపోవడమే బాధ. కానీ దీన్ని ‘ఖర్చుకి కళ్లెం’ అని మాత్రం ఎవరూ నాకు చెప్పొద్దు.

డబుల్ ఇంజిన్ మిత్రుడు ఇక్కడ నవ్వుకుంటుంటాడు. ఆగు బాబూ. 2004 నుంచి 2009 దాకా ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఒకే పార్టీ. ఉచిత విద్యుత్తు, ఆరోగ్యశ్రీ, జలయజ్ఞం అన్నీ అప్పటివే. 2024 నుంచి అమరావతిలో, ఢిల్లీలో ఒకే కూటమి. జులై బడ్జెట్‌లోనే రాజధానికి 15 వేల కోట్ల ఏర్పాటు ప్రకటించారు, అది ప్రపంచ బ్యాంకు, ఏడీబీల నుంచి తెచ్చే అప్పు. ఇంజిన్లు ఒకటైనా రెండైనా డీజిలు మాత్రం కాలుతూనే ఉంది.

పోట్లాట నాలుక మీదే ఉంటుంది, గల్లాపెట్టె దగ్గర ఉండదు అనడానికి కాళేశ్వరం కన్నా మంచి సాక్ష్యం నాకు తెలీదు. ఆ ప్రాజెక్టు కేసీఆర్‌కి ఏటీఎం అని బీజేపీ పెద్ద నాయకులు ఊరూరా అన్నారు. ఆ ఏటీఎంలో నోట్లు పెట్టిందెవరు? రాష్ట్రం తన అప్పుల పరిమితి తగలకుండా కాళేశ్వరం కార్పొరేషన్ అని ఒకటి పెట్టి దాని పేరు మీద అప్పులు తెచ్చింది. అందులో వేల కోట్లు ఇచ్చినవి పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్ఈసీ. రెండూ కేంద్ర విద్యుత్ శాఖ కిందివే. అనుమతులిచ్చింది కేంద్ర జల సంఘం. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్తగా అప్పు చెయ్యాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. అసలు కళ్లెం అంటే అది. దాన్ని తప్పించుకోవడానికే కార్పొరేషన్లు పుట్టాయి. వాటి అప్పుల్నీ రాష్ట్రం లెక్కలోనే కలుపుతామని కేంద్రం గట్టిగా అన్నది 2022లో. అప్పటికి బ్యారేజీలు కట్టేశారు, నీళ్లు ఎత్తేశారు, ఫోటోలు దిగేశారు. ఇంతకీ కేంద్రానికి నీతులు చెప్పే అర్హత ఉందా అంటే, తన ఆహార సబ్సిడీని ఏళ్ల తరబడి ఎఫ్‌సీఐ పేరు మీద చిన్న పొదుపుల నిధి నుంచి అప్పుగా తెచ్చి, బడ్జెట్ బయట దాచిందీ కేంద్రమే. 2021లో గానీ దాన్ని లెక్కలోకి ఎక్కించలేదు. ఇద్దరు కాపలాదార్లకీ ఒకే దొడ్డిదారి తెలుసు.

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ కుంగింది. డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 15న కాగ్ నివేదిక సభ ముందుకొచ్చింది. కేంద్ర జల సంఘానికి చూపించిన 81,911 కోట్ల ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని, రూపాయి పెడితే 52 పైసల ప్రయోజనమేనని అందులో ఉంది. తొమ్మిదిన్నరేళ్లు రాష్ట్రంలో ఒకళ్లు, ఢిల్లీలో ఇంకొకళ్లు ఉన్నారు. ఆ తొమ్మిదిన్నరేళ్ల కాపలా ఈ లెక్కని ఒక్క ఏడాది ముందు కూడా బయట పెట్టించలేకపోయింది.

నా ఉద్యోగంలో దీనికి సరిగ్గా సరిపోయే అనుభవం ఒకటుంది. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక కంపెనీలో క్లౌడ్ బిల్లు ఎక్కువవుతోందని ఇద్దరు మేనేజర్ల ఆమోదం తప్పనిసరి చేశారు. వేర్వేరు టీములు, ఒకరంటే ఒకరికి పడదు. బిల్లు తగ్గుతుందనుకున్నాం. ఆరు నెలల్లో పెరిగింది. మొదటాయన రెండో ఆయన చూస్తాడులే అని నొక్కేవాడు, రెండో ఆయన మొదటాయన చూసే ఉంటాడని నొక్కేవాడు. అంతకన్నా ఘోరం, నీ సర్వర్లకి నేను అడ్డుపడను, నా సర్వర్లకి నువ్వు అడ్డుపడకు అని ఒక మౌన ఒప్పందం కుదిరిపోయింది. చివరికి బిల్లు తగ్గించింది ఎవరంటే, ఏ సర్వర్ ఎవరిది, ఎంతవుతోంది అని రోజూ అందరికీ మెయిల్ వెళ్లేలా స్క్రిప్ట్ రాసిన ఒక జూనియర్ అమ్మాయి. ఆ అమ్మాయికి ఆమోదించే అధికారం కూడా లేదు.

గవర్నరు సంగతి ఎక్కువ సాగదీయను, అందులో సరుకు తక్కువ. 2023 జనవరిలో బడ్జెట్‌కి గవర్నరు తమిళిసై అనుమతి రాలేదని రాష్ట్రం హైకోర్టుకెళ్లింది. జనవరి 30న రాజీ కుదిరింది: ప్రభుత్వం పిటిషన్ వెనక్కి తీసుకుంటుంది, గవర్నరు ఉభయ సభల్లో ప్రసంగిస్తారు. ఫిబ్రవరి 6న 2,90,396 కోట్ల బడ్జెట్ పెట్టారు. ఆ గొడవంతా ప్రసంగం గురించి. అంకెల మీద ఎవరూ పేచీ పెట్టలేదు. మార్చిలో పది బిల్లులు ఆగిపోయాయని రాష్ట్రం సుప్రీంకోర్టుకెళ్లింది. ఆగిన వాటిలో యూనివర్సిటీ నియామకాల బిల్లు ఒకటి. ఆ చీలిక ఖరీదు కట్టింది కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకునే లెక్చరర్లు. ఇక 1984 ఆగస్టు 16 మర్చిపోగలమా? ఢిల్లీ పెట్టిన గవర్నరు రాంలాల్ గెలిచిన ముఖ్యమంత్రినే దించేశాడు, నెల రోజుల తర్వాత మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. చీలిన అధికారం అధికారాన్ని అడ్డుకుంటుందని చెప్పేవాళ్లు, అది ఒక్కోసారి అధికారాన్ని లాక్కుంటుందని కూడా చెప్పాలి.

ఇదంతా విని, ‘అయితే ఒకళ్ల చేతిలోనే పెట్టేద్దామంటావా’ అని అడుగుతారు. కాదు. నేను కంటోన్మెంట్‌లో ఉంటాను, చీలిన అధికారం కింద బతకడం ఎంత చిరాకో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా వీధి డ్రైనేజీ బోర్డుది, మంచినీళ్లు రాష్ట్రానివి, పక్క రోడ్డు సైన్యానిది. ఆ రోడ్డు ఎప్పుడు మూస్తారో తెలీదు. 2018లో కంటోన్మెంట్ రోడ్లన్నీ తెరవమని రక్షణ శాఖ దేశమంతా ఆదేశమిచ్చినా ఇక్కడ గేట్లు పడుతూనే ఉన్నాయి. 2022 మార్చిలో, రోడ్లు మూస్తే మేం సైన్యానికి కరెంటు, నీళ్లు కట్ చేస్తాం అని కేటీఆర్ సభలోనే అన్నాడు. బోర్డుకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015లో. 2023 ఏప్రిల్‌లో పెడతామని చెప్పి రద్దు చేశారు. ఇక్కడ ఉన్నది చీలిక కాదు, గైర్హాజరు. ఇద్దరు యజమానులు, ఎవరినీ ఓటుతో దించలేం.

అందుకే నేను చీలికలో తేడా చూడమంటున్నాను. ఎవరి చేతిలో ఏముందని మాత్రమే అడిగితే లాభం లేదు. ఆ ఆలస్యంలో మామూలు మనిషి చెయ్యగలిగింది ఏమైనా ఉందా అని అడగాలి. మండలి బిల్లు ఆపితే రైతు తన ఒప్పందం పట్టుకుని కోర్టుకి వెళ్లగలిగాడు. గవర్నరు బిల్లు ఆపితే లెక్చరర్ ఎక్కడికీ వెళ్లలేడు. రక్షణ శాఖ భూమి ఇవ్వకపోతే నడకకి వచ్చే పెద్దాయనకి పిటిషన్ వేసే వ్యవధి దొరికింది. అదే రక్షణ శాఖ రోడ్డు మూస్తే అంబులెన్స్‌లో ఉన్నవాడికి ఏ వ్యవధీ లేదు. మొదటి రకం కోసం నేను 60 కోట్లు కాదు, ఆరు వందల కోట్లయినా దండగ అనను. మండలిలో కూర్చునేవాళ్లు ఎంత పనికిమాలినవాళ్లయినా సరే.

ఇక డబ్బుకి కాపలా కావాలంటే, డబ్బుకి కూడా కాగితం పట్టుకున్న మనిషిని తయారు చెయ్యాలి. కార్పొరేషన్ అప్పులకి ఇచ్చే ప్రతి గ్యారంటీ ఎంత, ఎవరికి, ఎప్పటికి తీరుతుంది అన్నది బడ్జెట్‌తో పాటే సభ ముందు పెట్టాలి. కాగ్ నివేదిక తయారయ్యాక సభలో పెట్టే తేదీ ప్రభుత్వం ఇష్టానికి వదలకూడదు. కట్టే కాలువ బిల్లులు ఆ ఊరి గ్రామసభ గోడ మీద ఉండాలి. ఇవి ఏ పార్టీ ఎక్కడుందన్న దాని మీద ఆధారపడవు. మా జూనియర్ అమ్మాయి స్క్రిప్ట్ లాంటివి. ఇవి అడగడం మానేసి మా గ్రూపు వాళ్లు ఈసారి పైన ఎవరుండాలి, కింద ఎవరుండాలి అని పేకముక్కలు సర్దుతున్నారు.

జగన్ 2021 నవంబర్ 23న మండలి రద్దు తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి మండలిలో ఆయన పార్టీకి మెజారిటీ వచ్చేసింది. ఆ రోజు సభలో 60 కోట్ల దండగ ఊసు ఎత్తినవాళ్లెవరూ గుర్తులేరు. మా నాన్నకి ఆ వార్త చూపించాను. “పోనీలే, ఉంటే ఉందిలే” అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఇప్పుడు మా కంటోన్మెంట్ పౌర ప్రాంతాలు జీహెచ్ఎంసీలో కలపడానికి 2024 జూన్‌లో రక్షణ శాఖ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. స్కైవేలకి భూమి కూడా అదే ఏడాది మార్చిలో ఇచ్చింది. పదేళ్లు టీఆర్ఎస్‌కి ఇవ్వనిది కాంగ్రెస్‌కి ఇచ్చింది, బీజేపీకి ఇద్దరూ ప్రత్యర్థులే. మా వీధిలో అందరూ సంబరపడుతున్నారు, డ్రైనేజీకి ఒకే యజమాని వస్తాడని. నాకూ సంతోషమే. కాకపోతే, విలీనం కాగితాలు వచ్చిన రోజున అందరూ రోడ్ల పేజీ తిరగేస్తుంటే నేను వెతకబోయేది వేరే పేజీ. బైసన్ పోలో ఎవరి పేరు మీద ఉంచారో చూడాలి.